అల్లూరి తూటాల లెక్క

అల్లూరి సీతారామరాజు అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది 1974లో వచ్చిన కృష్ణగారి సినిమానే. కాషాయం బట్టలు, గడ్డం, చేతిలో విల్లు. ప్రతి ఆగస్టు పదిహేనుకీ టీవీలో చూస్తూ పెరిగినదాన్ని, నాకూ అదే బొమ్మ మనసులో పడిపోయింది. విల్లంబులు ఆయన మనుషుల దగ్గర లేవని కాదు. కానీ రెండేళ్ళు తెల్లదొరలకి నిద్ర లేకుండా చేసింది తుపాకులు. ఆ తుపాకులకి కావలసిన తూటాలు ఎన్ని వున్నాయి, ఎన్ని అయిపోయాయి అన్న లెక్క మీదే ఆ పోరాటం నడిచిందని నాకనిపిస్తుంది. డబ్బాలో బియ్యం అడుగంటుతుంటే ఇల్లాలికి వుండే గుబులు ఎలాంటిదో మనకి తెలుసు కదా. ఆ గుబులు ఆయనకీ వుండే వుంటుంది.

రాజుగారు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, అమ్మమ్మగారింట పుట్టారు. సొంతవూరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు ఫొటోలు తీసేవారు. 1908లో ఆయన పోయేసరికి పిల్లవాడికి పదకొండేళ్ళు. తల్లి సూర్యనారాయణమ్మ బిడ్డల్ని వెంటబెట్టుకుని బంధువుల అండన సంసారం ఈదింది. చదువు మధ్యలోనే ఆగింది. ఉత్తరదేశం తిరిగొచ్చిన కుర్రాడు 1917లో కృష్ణదేవిపేట చేరి, మన్యంలో సన్యాసిలా స్థిరపడ్డాడు.

అప్పటికి మన్యం పరిస్థితి ఏమిటి? 1882 అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం నేరమైంది. కట్టెపుల్ల ఏరుకోవాలన్నా గార్డుకి దణ్ణం పెట్టాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసే రోడ్డు పనికి కొండవాళ్ళని తోలుకుపోయి, బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు వాళ్ళకి న్యాయమైన కూలి కూడా ఇవ్వలేదు. ఇవన్నీ పుస్తకాల్లో వున్నాయి. వీటికంటే ముందే వచ్చి పడిన ఇంకో చట్టం గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకీ వుంచుకోకూడదు. మందుగుండుకీ ఆ చట్టమే. మొదట్లో తెల్లవాళ్ళకి మాత్రం మినహాయింపు! మరుసటి ఏడే రంప పితూరీ లేచి, మా భద్రాచలం తాలూకా దాకా పాకింది. భద్రాచలం అప్పట్లో గోదావరి ఏజెన్సీలోదే. ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో.

తుపాకీ అంటే అడవి అంచున బతికేవాళ్ళకి యుద్ధం వస్తువు కాదు, పంట కాపలా వస్తువు. మా అత్తగారి పుట్టిల్లు చర్ల వైపు ఒక పల్లె. వాళ్ళింట్లో అడవిపందుల్ని అదిలించడానికి లైసెన్సున్న పాత తుపాకీ వుండేదట, మూతిలోంచి మందు కూరే రకం. ఇప్పుడు మిగిలింది అటక మీది మందు కొమ్ము ఒక్కటే. సురేకారం, గంధకం, బొగ్గు కలిపితే ఆ మందు. బొగ్గు నూరడం ఆవిడ చిన్నప్పటి పనట. వంటింటి రోలు ముట్టుకోనిచ్చేవారు కాదు, పొయ్యి దరిదాపులకి రానిచ్చేవారు కాదు. మందు పోసి, గుడ్డపేలిక దట్టించి, సీసం గుండు వేసి ఇనపకడ్డీతో కూరి, రాగి టోపీ పెట్టి పేల్చాలి. ఒకసారి పేల్చాక మళ్ళీ సిద్ధం చేసుకునేలోగా పంది వూరు దాటిపోయేదని ఆవిడ ఇప్పటికీ నవ్వుతారు.

అల్లూరి మనుషులకి తెలిసిన తుపాకీ ఇలాంటిదే. మందు అయిపోతే కష్టమో నష్టమో మళ్ళీ చేసుకోవచ్చు. పోలీసుల తుపాకీ అలా కాదు. దానికి వెనకనుంచి ఇత్తడి తూటా పెట్టాలి. ఆ కాలంలో మన దేశపు పోలీసులు వాడిన మార్టినీ-హెన్రీకి కింద ఒక మీట వుంటుంది. దాన్ని కిందికి లాగితే కాలిన గొట్టం బయటికొస్తుంది, కొత్తది పెట్టి మీట పైకి నొక్కడమే. అమెరికాలో 1873లో వచ్చిన వించెస్టర్ వేట తుపాకీదీ మీట పద్ధతే. అక్కడి రైతులూ వేటగాళ్ళూ కాలిన ఇత్తడి గొట్టాల్ని పారెయ్యకుండా ఏరుకుని, ఇంట్లోనే కొత్త టోపీ బిగించి, మందు పోసి, సీసం గుండు నొక్కి మళ్ళీ వాడుకునేవాళ్ళు. అందుకు కావలసిన చేతి పనిముట్లు ఆ కంపెనీయే అమ్మేది. మన మన్యంలో ఆ పనిముట్లెక్కడివి? టోపీ ఎవడిస్తాడు? గొట్టం ఖాళీ అయిందంటే అక్కడితో సరి. తూటాలు కావాలంటే వున్నచోటు ఒక్కటే, పోలీసు స్టేషను.

అందుకే 1922 ఆగస్టు 22న మూడువందల మందితో చింతపల్లి స్టేషను మీద పడ్డారు. 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు దొరికాయి. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు, దాదాపు 2500 తూటాలు! ఏం తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి మరీ సంతకం పెట్టారని చెబుతారు. దొంగ సంతకం పెట్టి పోడు కదా. రాజవొమ్మంగిలో బంధించివున్న వీరయ్యదొరని కూడా విడిపించారు.

ఒక్కసారి ఆ అంకెల్ని విడదీసి చూడండి. తుపాకీకి వంద తూటాలు కూడా రావు. ఎదుట వున్నదేమో రైలు మీద, ఓడల మీద సరుకు తెప్పించుకోగల సర్కారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడిచిన మన దేశపు కానిస్టేబుళ్ళని వదిలేసి, వెనకొచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారులిద్దర్నే కాల్చారు. అది జాలి అనే అంటారు, నేనూ కాదనను. దాంట్లో పొదుపు కూడా వుంది. వంద తూటాలు గాల్లో కాల్చేవాడు అలా గురిచూసి ఎంచుకోడు.

సర్కారుకి ఈ లెక్క తొందరగానే అర్థమైంది. అక్టోబరు 15న అడ్డతీగల మీదికి, 19న రంపచోడవరం మీదికి వెళితే స్టేషన్లలో ఆయుధాలు లేవు. ముందే దాటించేశారు. జనం హారతులిచ్చారు, మొక్కారు. తూటా మాత్రం ఒక్కటీ దొరకలేదు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మలబారు పోలీసులు చుట్టుముట్టారు. ఆ పగలూ రాత్రీ కలిపి పన్నెండుమంది దాకా పోయారు. వాళ్ళతోపాటు ఎన్నో తుపాకులూ మందుగుండూ సర్కారు చేతికి చిక్కాయి. నా లెక్కలో ఆ పోరాటానికి వెన్ను విరిగింది ఆ రోజే.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన జాడే లేదు. 1923 ఏప్రిల్ 17న అన్నవరంలో కనబడితే జనం విరగబడ్డారు. స్టేషన్లో అప్పుడూ ఏమీ దొరకలేదు. సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగింది. ఆయన తలకి పదివేల రూపాయల వెల కట్టారు. వూళ్ళకి వూళ్ళని వేధించారు. వండిపెట్టిన చేతుల మీదా, దారి చూపించిన మనుషుల మీదా కసి తీర్చుకున్నారు. ఆ చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవే అయివుంటాయి, వాళ్ళ పేర్లు మాత్రం ఏ కాగితంలోనూ నాకు కనబడలేదు.

1924 మే 7న మంప దగ్గర ఆయన దొరికారు. విచారణ లేదు, కోర్టు లేదు. కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చేశారు. అప్పటికి ఆయనకి ఇరవయ్యారేళ్ళు. మర్నాడు కృష్ణదేవిపేటలో దహనం చేశారు. జూన్‌లో గంటందొర కాల్పుల్లో పోయాడు. ఆయన తమ్ముడు మల్లుదొరకి మాత్రం ఉరి తప్పి అండమాన్ పడింది. తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు.