బెంగుళూరు విమానం, విశాఖ ఓడ: వాల్‌చంద్ కథ

రక్షణ ఒప్పందాల మీద సంతకాలు జరిగే రోజున ఢిల్లీ విలేఖరికి పని తేలిక. ప్రకటన ముందే తయారై ఉంటుంది. స్వావలంబన, సాంకేతిక పరిజ్ఞానం బదిలీ, ఉమ్మడి ఉత్పత్తి అనే మాటలు అందులో తప్పక ఉంటాయి. దేశం పేరు, కంపెనీ పేరు మాత్రమే మారుతుంటాయి. 2023 జూన్‌లో ప్రధాని అమెరికా పర్యటన సందర్భంగా జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకూ, బెంగుళూరు హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌కూ మధ్య యుద్ధవిమాన ఇంజన్ల తయారీపై అవగాహన పత్రం కుదిరినప్పుడు ఆ మాటలన్నీ మరొకసారి విన్నాను. అమెరికన్ కంపెనీ, భారతీయ కర్మాగారం, బెంగుళూరు నగరం. ఈ మూడూ కలవడం అది మొదటిసారి కాదు. 1940లోనే కలిశాయి. కలిపినవాడు షోలాపూర్ వ్యాపారి వాల్‌చంద్ హీరాచంద్. ఇటువంటి సందర్భాలలో ఆయన పేరు ఎవరైనా తలచగా నేను విన్న గుర్తు లేదు. కనుక ఈ వారం లేఖ ఆయనను గురించి.

వాల్‌చంద్ 1882 నవంబరు 23న షోలాపూర్‌లో జన్మించారు. గుజరాత్ నుండి వచ్చి స్థిరపడిన జైన కుటుంబం. తండ్రి హీరాచంద్ నేమ్‌చంద్‌ది పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం. కుమారుడు బొంబాయిలోనూ, పూనాలోనూ కాలేజీలో చేరి, పట్టా పుచ్చుకోకుండానే తిరిగి వచ్చాడు. కుటుంబ వ్యాపారం మీద మనసు నిలవలేదు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి కాంట్రాక్టరుగా మారిన లక్ష్మణరావు ఫాటక్ అనే మహారాష్ట్ర బ్రాహ్మణుడితో జతకట్టి బార్సీ లైట్ రైల్వే పనిలో దిగారు. ఫాటక్‌కు పని తెలుసు, వాల్‌చంద్‌కు పెట్టుబడి తేగల కుటుంబం ఉంది. తనకు లేనిది ఎదుటివాడి దగ్గర చూసి, అతనిని భాగస్వామిగా చేసుకోవడం ఆయన జీవితమంతా పాటించిన పద్ధతి. ఫాటక్‌తో అది ఫలించింది. మూడు దశాబ్దాల తరువాత ఒక అమెరికన్‌తో ఎంతవరకు ఫలించిందో ముందు చెబుతాను.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైన్యానికి కట్టడాలు కట్టి ఆయన బాగా గడించారు. తరువాత బొంబాయి–పూనా మార్గంలో బోర్ ఘాట్ సొరంగాలు, బొంబాయి నగరానికి తాన్సా నీటి గొట్టాలు వంటి పెద్ద పనులు చేపట్టారు. హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ 1926లో ఏర్పడింది. తెల్లదొరల ప్రభుత్వమే ఆయన పెద్ద ఖాతాదారు. ఆ ప్రభుత్వంతో పోరాడుతున్న కాంగ్రెస్ వారితోనూ ఆయనకు స్నేహమే. దీనిని అవకాశవాదమన్నవారు ఆనాడూ ఉన్నారు. నాకు మాత్రం ఇందులో వింత ఏమీ కనిపించదు. ప్రభుత్వమే ఏకైక కొనుగోలుదారు అయిన దేశంలో కాంట్రాక్టరుకు మరో దారి ఉండదు. ఈ సంగతి విమానాల దగ్గర ఆయనకు బాగా తెలిసివచ్చింది.

1919లో గ్వాలియర్ మహారాజు సింధియా దగ్గర లాయల్టీ అనే ఆవిరి ఓడ అమ్మకానికి వచ్చింది. యుద్ధకాలంలో ఆసుపత్రి ఓడగా పనిచేసిన నౌక అది. వాల్‌చంద్, నరోత్తం మొరార్జీ మొదలైనవారు దానిని కొని, సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్థాపించారు. ఆ సంవత్సరం ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుండి లండన్‌కు బయలుదేరింది. నేటికీ ఏప్రిల్ 5ను జాతీయ నౌకాయాన దినంగా జరుపుకోవడం ఈ కారణం చేతనే. లార్డ్ ఇంచ్‌కేప్ ఏలుబడిలోని బ్రిటిష్ ఇండియా కంపెనీ మన తీరంలో మరొక ఓడ తిరగడాన్ని సహించలేదు. సరుకు చార్జీలు అమాంతం తగ్గించి, కొత్త కంపెనీని ముంచడానికి చూసింది. చివరకు 1923లో పదేళ్ల ఒప్పందం కుదిరింది. సింధియా ఓడలు మన తీరానికీ, బర్మాకూ పరిమితమై ఉండాలి. ఇన్ని టన్నులకు మించి పెరగరాదు. వాల్‌చంద్ దానిని భాగస్వామ్యంగా గాక దాస్యపత్రంగానే భావించారు. 1929లో నరోత్తం మరణించగా కంపెనీ అధ్యక్షత ఆయన మీద పడింది. ఓడలు నడుపుకోవాలంటే ఓడలు కట్టుకోవాలని, కొన్న ఓడతో వచ్చే స్వాతంత్ర్యం అమ్మినవాడి దయ మీద ఉంటుందని ఆయన నిశ్చయానికి వచ్చింది ఈ అనుభవంతోనే.

ఇక విమానం సంగతి. 1939లో ఆయన మోటారు కార్ల కర్మాగారం కోసం అమెరికా వెళ్లి కంపెనీలతో మంతనాలు జరిపి తిరిగి వస్తున్నారు. యూరపులో యుద్ధం మొదలై ఉంది. పసిఫిక్ సముద్రం మీదుగా ప్రయాణించే పాన్ అమెరికన్ విమానంలో విలియం పాలే అనే అమెరికన్ తారసపడ్డాడు. ఇతను ఇంజనీరు కాదు, విమానాలు అమ్మేవాడు. చైనాలో చియాంగ్ కై షేక్ ప్రభుత్వంతో కలిసి విమాన కర్మాగారం నడుపుతున్నాడు. దానిని మొదట హాంగ్‌చౌలో పెట్టారు. జపాన్ సైన్యం తరుముకు రాగా హాంకౌకు, అక్కడి నుండి బర్మా సరిహద్దులోని లోయ్‌వింగ్‌కు మార్చారు. లోయ్‌వింగ్ మీదా 1940 అక్టోబరులో బాంబులు పడ్డాయి. యుద్ధం చేస్తున్న ఆసియా దేశానికి విమానాలు కావాలి, అమెరికన్ కంపెనీలకు ఆర్డర్లు కావాలి. ఆ రెండు అవసరాల నడుమ నిలబడి సంపాదించడం పాలే విద్య. అటువంటి కర్మాగారం భారతదేశంలో ఎందుకు ఉండకూడదని వాల్‌చంద్‌కు ఆ ప్రయాణంలోనే తోచింది.

బ్రిటిష్ ప్రభుత్వం మొదట పట్టించుకోలేదు. అమెరికా నుండి వచ్చే యంత్రాలు, లోహాలు తమ దేశానికే చాలడం లేదని లండన్ వాదన. వలస దేశంలో విమానాలు తయారుకావడం మీద ఇష్టం లేకపోవడం ఆ వాదన వెనుక దాగిన మరో సంగతి. 1940 వేసవిలో ఫ్రాన్స్ పతనమై, ఇంగ్లండ్ ఒంటరిగా మిగిలిన తరువాత గాని ఢిల్లీ మెత్తబడలేదు. అనుమతి దొరకగానే స్థలం కోసం వెదికారు. మైసూరు దివాన్ సర్ మీర్జా ఇస్మాయిల్ ముందుకు వచ్చి, బెంగుళూరు పక్కన 700 ఎకరాలు ఇస్తామన్నారు, 25 లక్షల రూపాయల వాటా పెట్టారు. సంస్థాన ప్రభుత్వాలంటే వినోదాలు, వేటలు అనుకునేవారు ఈ దివాన్ల సంగతి కూడా కొంచెం చదవాలి. 1940 డిసెంబరు 23న హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ రిజిస్టరయింది. పాలే తన ఇంజనీర్లను తీసుకువచ్చాడు. 1941లో భారత ప్రభుత్వం కూడా మరో 25 లక్షలతో వాటాదారుగా చేరింది. ఆ సంవత్సరం ఆగస్టులోనే హార్లో అనే శిక్షణ విమానం బెంగుళూరు ఆకాశంలో ఎగిరింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ విమానం నమూనా అమెరికన్లది, ఇంజను అమెరికన్లది, ముఖ్యమైన భాగాలన్నీ ఓడలలో వచ్చినవే. మనవారు చేసింది కూర్పు. వాల్‌చంద్ అభిమానులు దీనిని దాటవేస్తారు, విమర్శకులు దీనితోనే ఆగిపోతారు. ఆ కూర్పు పనిలో చేతులు తిరిగిన కార్మికులు, మేస్త్రీలు తరువాత ఏమయ్యారన్నది అసలు ప్రశ్న. అదే నగరంలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1942లో విమాన శాస్త్ర విభాగం మొదలయింది. అక్కడా, కర్మాగారంలోనూ పనిచేసిన డాక్టర్ ఘాటగే రూపొందించిన హెచ్.టి.2 శిక్షణ విమానం 1951లో ఎగిరింది. అది మన నమూనా. కూర్పుకూ రూపకల్పనకూ మధ్య పదేళ్లు పట్టింది. వాల్‌చంద్ మొదటి ఇటుక పెట్టకపోతే ఎన్నేళ్లు పట్టేదో లెక్క కట్టడం కష్టం.

అయితే 1951 నాటికి కర్మాగారంలో వాల్‌చంద్ లేరు. పెర్ల్ హార్బర్ తరువాత జపాన్ ముందుకు రావడం మొదలుపెట్టింది. 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది, అండమాన్ దీవులు జపాన్ వశమయ్యాయి. ఏప్రిల్ 2న భారత ప్రభుత్వం విమాన కర్మాగారాన్ని స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించి, వాల్‌చంద్ వర్గానికి పరిహారం ఇచ్చి సాగనంపింది. యాజమాన్యం అక్కరలేని భాగస్వామిగా మైసూరు మిగిలింది. మరుసటి సంవత్సరం కర్మాగారం నిర్వహణ అమెరికా వైమానిక దళం చేతికి వెళ్లింది. కొత్త విమానాల తయారీ ఆలోచన అటకెక్కింది. యుద్ధంలో దెబ్బతిన్న బాంబర్లకు, బెళ్ళందూరు చెరువులో దిగిన కాటలీనా విమానాలకు మరమ్మతులు చేసే పెద్ద వర్క్‌షాపుగా అది మారింది. ఈ స్వాధీనాన్ని చరిత్ర పుస్తకాలు జాతీయం చేయడం అని రాస్తున్నాయి. ఆ మాట నాకు మింగుడుపడదు. జాతి చేతిలో ప్రభుత్వం లేని రోజులలో, జాతి నాయకులు జైలుకు వెళ్లడానికి సిద్ధపడుతున్న రోజులలో, వైస్రాయి తీసుకున్నది జాతీయం ఎలా అవుతుంది?

అలాగని వాల్‌చంద్‌కు తీరని అన్యాయం జరిగిందనీ అనలేను. పెట్టుబడిలో రెండు వంతులు ప్రజల సొమ్మే. తయారైన విమానాలన్నీ ప్రభుత్వమే కొనాలి. వేరే కొనేవాడు లేడు. ఆయుధ పరిశ్రమలో అమ్మేవాడు ఒక్కడు, కొనేవాడు ఒక్కడు అయినప్పుడు భాగస్వామ్యం కొనేవాడు కోరినంత కాలమే నిలుస్తుంది. యుద్ధం ఇంటి వాకిటికి వచ్చిన వేళ దానిని ప్రైవేటు కంపెనీ చేతిలో ఏ ప్రభుత్వమూ ఉంచదు. పాలే తన సొమ్ము తాను చూసుకుని వెళ్లాడు. తరువాత పెరూలోనూ, బ్రెజిల్‌లోనూ అమెరికా రాయబారిగా పనిచేశాడు.

స్వాధీనం జరిగిన నాలుగో రోజున, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజున పట్నం విడిచి పల్లెలకు పరుగెత్తిన జనం సంగతి మన జిల్లాలలో ఎన్నో కుటుంబాలలో తరతరాలుగా చెప్పుకున్నదే. ఆ విశాఖలో వాల్‌చంద్ రెండో కల ఉంది. ఓడల కర్మాగారానికి కలకత్తాలో అనువైన స్థలం దొరకక, 1933లో తెరుచుకున్న విశాఖ రేవును ఆయన ఎంచుకున్నారు. 1941 జూన్ 21న డాక్టర్ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. బాంబులతో పని ఆగింది. ఒకే వారంలో ఒక కర్మాగారం చేజారి, మరొకటి మూలపడిన అరవై ఏళ్ల మనిషి ఏ స్థితిలో ఉన్నాడో ఊహించవచ్చు. ఆయన మాత్రం ఊరుకోలేదు. అమెరికన్ క్రైస్లర్ కంపెనీ సహకారంతో 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. యుద్ధకాలంలో కార్ల కర్మాగారానికి ప్రభుత్వం సహకరించనందున 1947లో గాని బండ్లు బయటికి రాలేదు.

విశాఖలో పని మళ్లీ సాగి, ఎనిమిది వేల టన్నుల జల ఉష సిద్ధమయింది. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ ఆ ఓడను నీటిలోకి విడిచారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఆవిరి ఓడ అది. విశాఖ ఓడ మీద ఖర్చు బ్రిటిష్ ఓడ కంటే ఎక్కువ. ఆ తేడాను భరించేదెవరన్న తగాదా మొదటి రోజునే మొదలయింది. కంపెనీ ప్రభుత్వం వైపు చూసింది, ప్రభుత్వం లెక్కల పుస్తకాల వైపు చూసింది. 1949లో వాల్‌చంద్‌కు పక్షవాతం వచ్చింది. 1950లో వ్యాపార బాధ్యతలు వదులుకున్నారు. 1952లో ప్రభుత్వం కర్మాగారంలో మూడింట రెండు వంతుల వాటా తీసుకుని హిందూస్థాన్ షిప్‌యార్డుగా మార్చింది, సాంకేతిక సహకారానికి ఒక ఫ్రెంచి నౌకానిర్మాణ సంస్థను పిలిచింది. ఈసారి తీసుకున్నది మన ప్రభుత్వమే కనుక జాతీయం అనే మాటకు నాకు అభ్యంతరం లేదు. కాని మొదటి కర్మాగారం పోయినప్పుడు ఎదురు మాట్లాడగలిగిన మనిషి, రెండోది పోయేనాటికి మంచం మీద ఉన్నారు. 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో కన్నుమూశారు.

తరువాతి కథ పాఠకులకు తెలిసినదే. బెంగుళూరు కర్మాగారం 1964లో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ అయింది. 1961లో జర్మన్ రూపశిల్పి కుర్ట్ టాంక్ నాయకత్వంలో అక్కడే తయారైన మారుత్ యుద్ధవిమానానికి తగిన ఇంజను దొరకలేదు. బ్రిటిష్ కంపెనీ అడిగిన అభివృద్ధి ఖర్చు ఇవ్వడానికి మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2023లో అవగాహన పత్రం కుదిరింది ఇంజన్ల మీదనే అన్నది ఇక్కడ గమనించాలి. ప్రైవేటు సంస్థలు మళ్లీ ఈ రంగంలోకి వచ్చాయి. హైదరాబాదు పక్కన ఆదిభట్లలో టాటా, బోయింగ్ కంపెనీలు కలిసి అపాచీ హెలికాప్టర్ల దేహభాగాలు చేస్తున్నాయి. 2024 అక్టోబరులో వడోదరలో టాటా, ఎయిర్‌బస్‌ల సైనిక రవాణా విమాన కర్మాగారం ప్రారంభమైనప్పుడు, ప్రైవేటు రంగంలో ఇది మొదటిదని సగర్వంగా ప్రకటించారు. స్వతంత్ర భారతం వరకే లెక్కిస్తే అది నిజం.

విశాఖ షిప్‌యార్డును 2010లో రక్షణ మంత్రిత్వశాఖకు బదిలీ చేశారు. 2023 ఆగస్టులో నౌకాదళానికి ఐదు సహాయక నౌకలు కట్టే 19,000 కోట్ల రూపాయల ఒప్పందం దానికి దక్కింది. షిప్‌యార్డు దగ్గరి పేటను విశాఖవాసులు ఇప్పటికీ సింధియా అనే పిలుస్తారు. ఆ సింధియా గ్వాలియర్ మహారాజు, ఓడ అమ్మినవాడు. కొన్నవాడి పేరు ఆ చుట్టుపక్కల వినపడదు.