డ్యూటీ ఆసుపత్రిలో.. ధ్యాస లైకెన్లపై!

బిరియానీ మసాలాలో ఎండిన ఆకుల్లా ముడుచుకుపోయి ఉండే రాతి పువ్వును మీరు చూసే ఉంటారు. హైదరాబాద్‌లో పత్థర్ కా ఫూల్ అని అడిగినా ఇస్తారు. పేరుకే పువ్వు. నిజానికి అది లైకెన్. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఆమ్లంలో ముంచగానే ఎర్రబడిన లిట్మస్ కాగితం గుర్తుందా? ఆ రంగు కూడా మొదట లైకెన్ల నుంచి తీసిందే. రాళ్ల మీద, చెట్ల బెరడు మీద మచ్చల్లా పాకే వీటి అధ్యయనాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టింది చిన్న ఊళ్లో ఉద్యోగం చేసుకున్న ఓ డాక్టరు. పేరు ఎరిక్ అకారియస్.

ఆయన 1757లో స్వీడన్‌లోని యెవ్లేలో పుట్టారు. 1773లో ఉప్సాలా యూనివర్సిటీలో చేరారు. జీవులన్నిటికీ రెండేసి పదాల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లిన్నేయస్ అక్కడే ఉండేవారు. అప్పటికే వృద్ధాప్యం, అనారోగ్యం. 1776లో ఆయన దగ్గర సిద్ధాంత వ్యాసం సమర్పించిన అకారియసే చివరి శిష్యుడు.

గురువు ఎంత గొప్పవాడైనా లైకెన్ల మీద ఆయనకు చిన్నచూపే. 1753 నాటి తన పుస్తకంలో ఎనభై రకాల్ని తెచ్చి, లైకెన్ అనే ఒక్క ప్రజాతిలో పడేసి, శైవలాల పక్కన కూర్చోబెట్టారు. అంటే ఆ సబ్జెక్టులో పని అంతా మిగిలే ఉంది!

కానీ కడుపు నిండాలిగా. అకారియస్ 1782లో లుండ్‌లో వైద్యపట్టా తీసుకున్నారు. 1785లో వెట్టెర్న్ సరస్సు ఒడ్డునున్న వాడ్‌స్టేనా అనే ఊరికి డాక్టరుగా వెళ్లారు. తర్వాత జిల్లా వైద్యాధికారి అయ్యారు, 1795లో అక్కడి కొత్త ఆసుపత్రి బాధ్యతా మీద పడింది. ఇంత డ్యూటీ చేస్తూనే 1798లో స్వీడన్ లైకెన్లపై మొదటి పుస్తకం తెచ్చారు. 1803లో, 1810లో, 1814లో మరో మూడు వచ్చాయి.

ఆ పని ఎంత కష్టమో ఊహించండి. ఒకటి రాతికి పెచ్చులా అతుక్కుంటుంది, ఇంకొకటి ఆకులా పరుచుకుంటుంది, మరొకటి కొమ్మ నుంచి గడ్డంలా వేలాడుతుంది. తడిస్తే ఒక రంగు, ఆరితే ఇంకో రంగు. అకారియస్ వాటి పైరూపాన్ని, పునరుత్పత్తి భాగాల్ని ఓపిగ్గా పోల్చి కొత్త ప్రజాతులుగా విడదీశారు. భాగాలకు పేర్లు లేకపోతే తనే పెట్టారు. బోటనీ వాళ్లు పరీక్షల కోసం బట్టీపట్టే అపోథీసియం, సోరీడియం ఆయన ఇచ్చిన మాటలే (తిట్టుకోకండి).

మన రాతి పువ్వును పార్మీలియా ప్రజాతిలో చేర్చిందీ ఆయనే. ఇప్పుడు శాస్త్రీయంగా పార్మోట్రీమా అంటున్నా, వ్యాపారంలో పాత పేరు పోలేదు. ఐస్‌లాండ్ మాస్ అనే ఇంకో లైకెన్‌ను సెట్రేరియాలో పెట్టారు. దగ్గుకు దాని కషాయం తాగించేవారు. కరవొస్తే చేదు పోయేలా నానబెట్టి పిండిలో కలిపి రొట్టెలు చేసుకునేవారు. ఉత్తరాది చలిలో రెయిన్‌డీర్ మందలకు శీతకాలపు మేత కూడా లైకెన్లే.

ఒక్క సంగతి మాత్రం అకారియస్‌కు తెలియకుండానే ఉండిపోయింది. లైకెన్ అంటే ఒకే జీవి కాదు, శిలీంధ్రం, శైవలం కలిసి చేసే కాపురం. శైవలం తిండి తయారుచేస్తుంది, శిలీంధ్రం గూడు కడుతుంది. ఈ మాటను 1867లో స్విట్జర్లాండ్‌కు చెందిన ష్వెండెనర్ చెబితే పేరున్న లైకెన్ నిపుణులే ఎగతాళి చేశారు. అప్పటికి అకారియస్ పోయి 48 ఏళ్లు. 1819లో వాడ్‌స్టేనాలోనే కన్నుమూశారు.

తర్వాతి పరిశోధనల్లో ఆయన వర్గీకరణ చాలావరకు మారిపోయింది. అయినా ఒక లైకెన్ పాత పేరు దేనికి చెందుతుందో తేలాలంటే నేటికీ ఆయన సేకరించిన నమూనాల దగ్గరికే వెళ్లాలి. వాటిలో ముఖ్యమైనవి ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీలో ఉన్నాయి. మన దేశంలో లైకెన్ల హెర్బేరియం చూడాలనుకునే బోటనీ విద్యార్థులు లఖ్‌నవూలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ గురించి వాకబు చేయొచ్చు.