నోవా వెబ్‌స్టరు – వర్ణక్రమమునకై అరువదేండ్లు

రంగు అను అర్థము గల కలర్ అను ఆంగ్లపదమును సి, ఓ, ఎల్, ఓ, ఆర్ అని ఐదక్షరములతో వ్రాసిన బాలునికి మన పాఠశాలలలో మార్కు పోవును. చివరి ఓ, ఆర్‌ల నడుమ యు ఉండవలెనని ఉపాధ్యాయులు ఎఱ్ఱసిరాతో దిద్దుదురు. అదే బాలుడు అమెరికాలో చదువుచున్నచో యు చేర్చినందులకు దిద్దించుకొనవలసి వచ్చును. ఒకచోట తప్పైనది వేఱొకచోట ఒప్పెట్లయ్యెనని మా విద్యార్థులు తఱచుగా అడుగుదురు. మేము తెలుగు చెప్పువారమే గాని ఆంగ్లపండితులము కాము. అయినను ఈ ప్రశ్నకు చాలవఱకు సమాధానము ఒక మనుష్యుని జీవితమునందే యున్నది గనుక ఆ చరిత్రమును ఇచట చెప్పబూనితిమి.

ముందుగా ఒక సంగతి. మన భాషలో పలికినట్లే వ్రాయుదుము. శ, ష, సల విషయమునను, ఒత్తక్షరముల విషయమునను మనవారును తడబడుదురు. మేము దిద్దిన పుస్తకములే అందులకు సాక్ష్యము. కాని ఆంగ్లమున చిక్కు వేఱు. 1476లో కాక్‌స్టన్ అనునాతడు వెస్ట్‌మినిస్టరులో అచ్చుయంత్రమును నెలకొల్పిన నాటికి, వీరుడను అర్థము గల నైట్ అను పదమునకు మొదటనున్న కె అక్షరమును జనులు పలుకుచుండిరి. పిమ్మట నోటిపలుకు మాఱెను, అచ్చులోని వ్రాత నిలిచిపోయెను. అది చాలదన్నట్లు పండితులు కొన్ని అక్షరములను తెచ్చి చొప్పించిరి. అప్పు అను అర్థము గల డెట్ అను పదమున బి అక్షరము లాటిను మూలమును చూపుటకై చేర్చినది. ద్వీపమును తెలుపు ఐలండ్ అను పదమున ఎస్ అక్షరమైతే కేవలము పొరపాటున వేఱొక పదమునుండి వచ్చి చేరినది. షేక్స్‌పియరు మహాకవి సైతము తన సంతకమును ఒకే తీరున చేయలేదు. కావున ఈ భాషలో తడబడు బాలుని మందబుద్ధి యనుట న్యాయము కాదు.

నోవా వెబ్‌స్టరు 1758వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ సీమలో, హార్ట్‌ఫర్డు పట్టణమునకు పడమట ఒక రైతు ఇంట జన్మించెను. తండ్రి పొలమును కుదువబెట్టి కుమారుని 1774లో యేల్ కళాశాలకు పంపెను. మఱుసటి యేడే స్వాతంత్ర్యయుద్ధము మొదలయ్యెను. 1778లో పట్టము పుచ్చుకొని ఇల్లు చేరిన కుమారుని చేతిలో తండ్రి ఎనిమిది డాలర్ల కాగితమొకటి పెట్టి, ఇకమీద నీ బ్రతుకు నీవే చూచుకొమ్మని చెప్పెను. యుద్ధకాలపు ఆ కాగితమునకు బజారులో సగము విలువయే యుండెను. వెబ్‌స్టరు న్యాయశాస్త్రము చదివి 1781లో న్యాయవాది యయ్యెను. కాని ఆ వృత్తి అన్నము పెట్టలేదు. అందుచే బడిపంతులయ్యెను.

అప్పటి అమెరికా బడులలో డిల్‌వర్తు అను ఆంగ్లేయుడు వ్రాసిన వాచకమే గతి. అందులో ఊళ్ల పేర్లన్నియు ఇంగ్లండువే. జాతి యను అర్థము గల నేషన్ అను పదమును పిల్లలచే నే, షి, అన్ అని మూడు ముక్కలుగా పలికించుచుండిరి. నోట వచ్చునది రెండు ముక్కలే. పలుకునకు సరిపడునట్లు పదములను విఱిచి, సులభమైనవి ముందును కఠినమైనవి వెనుకను పేర్చి వెబ్‌స్టరు 1783లో హార్ట్‌ఫర్డున తన వర్ణక్రమ పుస్తకమును అచ్చువేయించెను. అప్పటికి అతనికి ఇరువదియైదేండ్లు నిండలేదు. పలుకు ఒకటే యైనను వ్రాత వేఱైన పదములకు అందొక పట్టికయే యుండెను. సూర్యుడును కొడుకును ఆంగ్లమున సన్ అనియే పలుకుదురు గదా. మొదటిదానికి నడుమ యు, రెండవదానికి ఓ. తలవెండ్రుకకును కుందేలునకును ఇట్లే. ఇట్టి జంటలను పక్కపక్కన నుంచి అర్థము చెప్పుటకంటె మంచి ఉపాయమును మేమును నేటివఱకు ఎఱుగము.

నీలపు అట్టతో వెలువడిన ఆ చిన్న పుస్తకము ఊరూర వ్యాపించెను. 1837 నాటికి ఒకటిన్నర కోటి ప్రతులు చెల్లినవని లెక్క. బానిసగా పుట్టి, చదువు నిషిద్ధమైన స్థితిలో అక్షరములు కూడబలుకుకొని, పిదప మహావక్తయైన ఫ్రెడరిక్ డగ్లసు వ్రాత దిద్దుకొన్నది ఈ పుస్తకమును చూచియే. అయినను వెబ్‌స్టరు ధనవంతుడు కాలేదు. ప్రతి యొకటింటికి అతనికి ముట్టినది ఒక సెంటుకంటె తక్కువ. గ్రంథకర్తకు తన గ్రంథముపై హక్కు ఉండవలెనని అతడు రాష్ట్రము రాష్ట్రము తిరిగి శాసనసభలవారిని వేడుకొనెను.

ఇచట ఒక చిత్రమున్నది. ఆ మొదటి పుస్తకములో వెబ్‌స్టరు, 1755లో వెలువడిన జాన్సను పండితుని నిఘంటువునే అనుసరించెను. కలర్ మొదలగు పదములలో యు అక్షరమును తీసివేయువారిని ఎగతాళి చేసెను! కాని దేశము స్వతంత్రమైన పిదప అతని మనస్సు మాఱెను. క్రొత్త దేశమునకు క్రొత్త వ్రాత కావలెననియు, పలుకని అక్షరములు పిల్లలకు బరువనియు తలచెను. వృద్ధుడైన బెంజమిను ఫ్రాంక్లిను అతనిని ప్రోత్సహించెను. 1790లో వెబ్‌స్టరు తన వ్యాసములలో కొన్నింటిని మఱింత తెగించి, పలికినట్లు వ్రాసి ప్రకటించెను. చదివినవారు నవ్విరి. తప్పులు దిద్దవలసిన పంతులే తప్పులు వ్రాయుచున్నాడని పరిహాసము చేసిరి. అతడు ముక్కోపి, మాట పడనివాడు. అట్టివానికి ఆ నవ్వు ఎంత గుచ్చుకొనెనో ఊహింపవచ్చును.

ఆపై కొంత తగ్గెను. 1806లో వెలువరించిన చిన్న నిఘంటువున కలర్, ఆనర్ మొదలగు పదములనుండి యు తొలగించెను. మ్యూజిక్ అను పదము చివర జాన్సను నిలిపిన కె తీసివేసెను. సెంటర్ అను పదమున ఆర్, ఇలను ఇ, ఆర్‌లుగా మార్చెను. వీనిని అమెరికా జనులు అంగీకరించిరి. కె లేని మ్యూజిక్‌ను ఇంగ్లండు కూడ వ్రాయుచున్నది, మనమును వ్రాయుచున్నాము. కాని నాలుకను తెలుపు టంగ్ అను పదమును టి, యు, ఎన్, జి అని నాలుగక్షరములతో వ్రాయుడని 1828లో కూడ అతడు చెప్పగా ఎవరును వినలేదు. న్యాయముగా చూచినచో నాలుగక్షరముల వ్రాతయే పలుకునకు దగ్గఱ. అయినను దానిని వ్రాసిన బాలునికి నేడు అమెరికాలోను మార్కు పోవును.

పెద్ద నిఘంటువునకు అతడు పట్టిన కాలము ఇరువదేండ్లకు పైమాట. అర్ధవలయాకారపు బల్లపై పలుభాషల నిఘంటువులు పఱచుకొని, ఒకదానినుండి మఱొకదానికి నడచుచు పదముల మూలములు వెదకెను. ఆ భాషలలో సంస్కృతమును కలదు. ఈ మూలాన్వేషణము మాత్రము ఫలింపలేదు. లోకభాషలన్నియు ఒక్క ప్రాచీనభాషనుండి పుట్టినవను నమ్మకముతో, నాటి క్రొత్త భాషాశాస్త్రమును అతడు లెక్కచేయలేదు. ఆ మూలములలో పెక్కు తప్పులని పిమ్మటివారు త్రోసివేసిరి. పుస్తకములకై ఫ్రాన్సునకును ఇంగ్లండునకును ప్రయాణము చేసి, 1825 జనవరిలో కేంబ్రిడ్జిలోని ఒక అద్దెగదిలో చివరి పదమును వ్రాసెను. వ్రాయునపుడు చేయి వణకి, కలము పట్టలేక, కొంతసేపు గదిలో పచారు చేసి పిదప ముగించెనట.

1828లో డెబ్బదివేల పదములతో రెండు సంపుటములు వెలువడెను. వెల ఇరువది డాలర్లు. అచ్చువేసినవి రెండువేల ఐదువందలే యైనను అవి అమ్ముడుపోవుటయే కష్టమయ్యెను. రెండవ ముద్రణమునకై ఎనుబదేండ్ల వయస్సున అతడు ఇల్లు కుదువబెట్టెను. తండ్రి తన చదువునకై పొలమును పెట్టినట్లే. 1843 మే 28వ తేదీన న్యూహేవెను పట్టణమున మరణించెను.

ఆ యేడే మెరియం సోదరులు అమ్ముడుపోని ప్రతులను, ముద్రణహక్కును కొనిరి. వెబ్‌స్టరు అల్లుడు గుడ్రిచ్ సవరించిన నిఘంటువును 1847లో ఒకే సంపుటముగ ఆరు డాలర్లకు అమ్మజూపిరి. అప్పుడు జనులు కొనిరి.