అబ్రహాం లింకన్ – క్రొత్త సీమల వివాదము

అబ్రహాం లింకన్ పేరు వినగానే బానిసల చెర విడిపించిన మహనీయుడని మనకు స్ఫురించును. కాని ఆయన రాజకీయజీవితములో చాలకాలము కోరినది బానిసత్వ నిర్మూలనము కాదు. అది క్రొత్త సీమలకు ప్రాకకుండుట మాత్రమే. ఆ చిన్న కోరికకే దేశము రెండుగా చీలెను.

లింకన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రమున ఒక కొయ్యగుడిసెలో జన్మించెను. ఆయన బడికి పోయిన దినములన్నియు కలిపినను ఒక సంవత్సరము నిండదు. గొడ్డలి పట్టి, పడవ నడిపి, అంగడిలో పనిచేసి, ఎరవు తెచ్చిన గ్రంథములతో ధర్మశాస్త్రము నభ్యసించి ఇల్లినాయ్ రాష్ట్రమున న్యాయవాది యయ్యెను.

అమెరికాలో ప్రతి రాష్ట్రమునకును సెనేటునందు రెండు స్థానములు కలవు. కావున క్రొత్తగా ఏర్పడు రాష్ట్రము బానిసత్వము నంగీకరించునా లేదా అను దానిపై ఉత్తర దక్షిణముల బలాబలములు ఆధారపడి యుండెను. 1820 నాటి మిస్సోరీ ఒడంబడిక, ఫ్రాన్సు నుండి కొన్న లూసియానా సీమలో మిస్సోరీ తప్ప 36 డిగ్రీల 30 నిమిషముల అక్షాంశరేఖకు ఉత్తరమున బానిసత్వమును నిషేధించెను. మెక్సికోతో యుద్ధము జరిగి 1848లో కాలిఫోర్నియా మొదలగు విశాలభూములు లభింపగా వివాదము మరల రగిలెను. ఆ భూములలో బానిసత్వ ముండరాదని 1846లోనే డేవిడ్ విల్మట్ ప్రతిపాదించిన నియమమును ప్రతినిధిసభ ఆమోదించినను సెనేటు అంగీకరింపలేదు. 1847 నుండి 1849 వరకు ప్రతినిధిసభలో నున్న లింకన్ పలుమారులు దానికి మద్దతు నిచ్చెను.

అటుపిమ్మట ఆయన తన వృత్తికి మరలెను. 1854లో స్టీఫెన్ డగ్లస్ కాన్సాస్, నెబ్రాస్కా చట్టముచే పాతరేఖను తుడిచివేసి, నిర్ణయమును అచటి నివాసులకే వదలెను. లింకన్ దీనిని సహింపలేకపోయెను. తన్ను తాను పాలించుకొనుట స్వపరిపాలన యగునే కాని, మరియొక మనుష్యుని వాని సమ్మతి లేక పాలించుట స్వపరిపాలన కాదని ఆయన వాదించెను. కాన్సాస్‌లో రక్తము ప్రవహించెను. అట్టి సీమలలో బానిసత్వమును నిషేధించు అధికారము కాంగ్రెసునకు లేదని 1857లో సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. 1858లో లింకన్ డగ్లస్‌తో ఏడు బహిరంగ వాదములు జరిపెను. సెనేటు స్థానము మాత్రము డగ్లస్‌కే దక్కెను.

1860లో లింకన్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. ఆయన పదవి స్వీకరింపకమునుపే ఏడు దక్షిణరాష్ట్రములు విడిపోయెను. పాతరేఖను పసిఫిక్ సముద్రము వరకు పొడిగించి, దానికి దక్షిణమున బానిసత్వము ననుమతించినచో రాజీ కుదురునని సెనేటరు క్రిటెండెన్ సూచించెను. ఉన్న రాష్ట్రములలో బానిసత్వము జోలికి పోనని మాట యిచ్చుటకు లింకన్ సిద్ధముగానే యుండెను. ఈ ఒక్క విషయమున మాత్రము లొంగవలదని తన పక్షమువారికి రహస్యముగా లేఖలు వ్రాసెను. నేడిది యిచ్చినచో రేపు క్యూబాను గూడ ఆక్రమింపు మందురని ఆయన భయము.

అప్పటికి సుమారు 40 లక్షలమంది దాస్యములో నుండిరి. వారికి ఆయన ఓర్పు అన్యాయముగానే తోచియుండును. సంపూర్ణ విమోచనము కోరినవారు ఆయనను తీవ్రముగా నిందించిరి. కాని 1861 ఏప్రిలులో మొదలైన యుద్ధము ఆయనను ముందునకు నడపెను. 1862 జూనులో సీమలన్నిట బానిసత్వము నిషిద్ధమయ్యెను. 1863 జనవరి 1వ తేదీన తిరుగుబాటు ప్రాంతముల బానిసలకు విమోచన ప్రకటన వెలువడెను. 1865 ఏప్రిల్ 15వ తేదీన లింకన్ హంతకుని గుండుదెబ్బకు మరణించెను. దేశమంతట బానిసత్వమును రద్దుచేసిన 13వ రాజ్యాంగ సవరణ ఆ డిసెంబరులో అమలులోనికి వచ్చెను. దానిని చూచుట కాయన లేకపోయెను.