ఒక్క ల్యాప్‌తో తేలని లెక్క

మీ ఆఫీసులో ఇద్దరున్నారనుకోండి. ఒకే టీమ్, ఒకే మేనేజర్, ఒకే రకం ల్యాప్‌టాప్. ఏ టెస్టు పెట్టినా మొదటివాడిదే టాప్ స్కోరు. కానీ ఏడాది చివర్లో అప్రైజల్ లెక్క తీస్తే, పూర్తయిన పని రెండోవాడి ఖాతాలో ఎక్కువుంది. ఇప్పుడు చెప్పండి, వీళ్లిద్దరిలో ఎవరు గొప్ప?

తొందరపడి జవాబు చెప్పకండి. 1988, 1989 సంవత్సరాల్లో ఫార్ములా వన్ ప్రపంచమంతా సరిగ్గా ఈ ప్రశ్న మీదే కొట్టుకుంది. ఆ మొదటివాడి పేరు అయర్టన్ సెన్నా. ఒక మనిషి సత్తాని ఎలా కొలవాలి అన్న ప్రశ్న ప్లేస్‌మెంట్ల దగ్గర్నుంచి ప్రమోషన్ల దాకా మనల్ని వదలదు కాబట్టి, అతని జీవితాన్ని ఆ కోణంలో ఒకసారి చూద్దాం.

ముందు ఆట రూలు అర్థం చేసుకోండి. ఫార్ములా వన్‌లో ఒక్కో టీమ్ సాధారణంగా రెండు కార్లు దింపుతుంది. రేసు ఆదివారం. ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చేది అంతకుముందు జరిగే క్వాలిఫయింగ్. సెన్నా రోజుల్లో శుక్రవారం ఒక గంట, శనివారం ఒక గంట ఇచ్చేవారు. ఆ రెండు గంటల్లో మీరు కొట్టిన అత్యుత్తమ ల్యాప్ ఒక్కటే లెక్క. అందరికన్నా తక్కువ సమయంలో ట్రాక్ చుట్టి వచ్చినవాడికి మొట్టమొదటి స్థానం, అంటే పోల్ పొజిషన్.

ఇక్కడో చిక్కుంది. టీమ్ టీమ్‌కీ కారు వేరు, ఇంజిన్ వేరు. ముందున్నవాడు మంచి డ్రైవరా, మంచి కారులో కూర్చున్నాడా అన్నది బయటివాళ్లకి తేలదు. అందుకే డ్రైవర్‌ని కొలవడానికి అందరూ మొదట చూసేది అతని సొంత టీమ్‌మేట్‌నే. కారు ఒకటే, ఇంజిన్ ఒకటే, మారేది మనిషి మాత్రమే. ఇంజినీరింగ్ చదివినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు, ల్యాబ్‌లో మిగతావన్నీ స్థిరంగా ఉంచి ఒక్క వేరియబుల్ మార్చి చూడటం లాంటిదే ఇది.

వెనక్కి పిలిచిన ఇల్లు

సెన్నా 1960 మార్చి 21న బ్రెజిల్‌లోని సావో పాలోలో పుట్టాడు. పూర్తి పేరు అయర్టన్ సెన్నా డ సిల్వా. బ్రెజిల్‌లో డ సిల్వా అన్న ఇంటిపేరు వీధికి పది మందికి ఉంటుంది. అందుకే తర్వాత్తర్వాత తల్లి వైపు పేరైన సెన్నానే వాడుకున్నాడు. తండ్రి మిల్టన్ వ్యాపారి, డబ్బుకి లోటు లేదు. కొడుక్కి నాలుగేళ్లప్పుడు గడ్డి కోసే మెషీన్ ఇంజిన్ బిగించి ఒక చిన్న గోకార్ట్ తయారుచేసి ఇచ్చాడు. 13 ఏళ్లకి ఇంటర్‌లాగోస్‌లో మొదటి కార్టింగ్ రేసు.

ఆ తర్వాత యూరప్ వెళ్లి ప్రపంచ కార్టింగ్ చాంపియన్‌షిప్‌లో పోటీపడ్డాడు. 1979లో రెండో స్థానం. 1980లో మళ్లీ రెండో స్థానం. ఆ టైటిల్ అతనికి చివరిదాకా దక్కలేదు.

1981లో ఇంగ్లండ్‌లో ఫార్ములా ఫోర్డ్ కార్లు నడిపి మొదటి ఏడాదే రెండు చాంపియన్‌షిప్‌లు గెలిచాడు. గెలిచాక ఏం చేశాడో తెలుసా? బ్రెజిల్ తిరిగెళ్లిపోయాడు. కుటుంబ వ్యాపారం చూసుకోవాలన్నది తండ్రి కోరిక. మనలో చాలామందికి ఇది పరిచయమున్న కథే. కాకపోతే అతను అక్కడ ఎక్కువ కాలం ఉండలేకపోయాడు. 1982లో మళ్లీ ఇంగ్లండ్ వచ్చి ఫార్ములా ఫోర్డ్ 2000లో బ్రిటిష్, యూరోపియన్ టైటిళ్లు రెండూ పట్టుకెళ్లాడు.

1983లో బ్రిటిష్ ఫార్ములా త్రీ. మొదటి తొమ్మిది రేసులూ వరసగా గెలిచాడు. టైటిల్ ఖాయమని అందరూ అనుకుంటుండగా మార్టిన్ బ్రండల్ పుంజుకున్నాడు. రెండో స్థానంతో సరిపెట్టుకుంటే చాలు అన్న చోట కూడా సెన్నా గెలుపు కోసమే వెళ్లి కారు పాడుచేసుకున్నాడు. చివరికి ఆఖరి రేసులో గానీ టైటిల్ చేతికి రాలేదు. ఈ బలహీనతని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్లీ వస్తుంది.

16 పోల్‌లు, 6 గెలుపులు

1984లో టోల్‌మన్ అనే చిన్న టీమ్‌తో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టాడు. ఆ ఏడాది మొనాకోలో కుండపోత వాన. 13వ స్థానం నుంచి బయల్దేరి, ఒక్కొక్కరినీ దాటుకుంటూ రెండో స్థానానికి వచ్చేశాడు. ముందున్న అలెన్ ప్రాస్ట్‌ని దాదాపు అందుకుంటుండగా వాన వల్ల రేసు ఆపేశారు. క్వాలిఫయింగ్ షీటు చూసి రేసు ఫలితం ఊహించేవాళ్లకి అదొక హెచ్చరిక.

1985లో లోటస్ టీమ్‌కి మారాడు. పోర్చుగల్‌లోని ఎస్టోరిల్‌లో, మళ్లీ వానలోనే, పోల్ నుంచి బయల్దేరి మొదటి విజయం సాధించాడు. రెండోవాడు మిషెల్ అల్బోరెటో తప్ప మిగిలిన అందరినీ ఒక ల్యాప్ వెనకేశాడు.

ఇప్పుడు లోటస్‌లో అతని మూడేళ్ల లెక్క చూడండి. 1985లో 7 పోల్‌లు, 2 గెలుపులు. 1986లో 8 పోల్‌లు, 2 గెలుపులు. 1987లో ఒకే ఒక్క పోల్, గెలుపులు మాత్రం మళ్లీ 2. అంటే మొత్తం 16 పోల్‌లకి 6 గెలుపులు. విచిత్రం ఏమిటంటే, పోల్‌లు ఎక్కువొచ్చిన రెండేళ్లూ చాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానం. ఒక్క పోల్ వచ్చిన ఏడాది మూడో స్థానం!

ఎందుకలా? అప్పటివి టర్బో ఇంజిన్లు. క్వాలిఫయింగ్‌లో కొద్ది ల్యాప్‌ల కోసం బూస్ట్ విపరీతంగా పెంచి, ఆ కాసేపటికే పనికొచ్చే మెత్తటి టైర్లు వేసి వదిలేవారు. రేసులో అలా కుదరదు. ఇంధనానికి పరిమితి ఉంది, 1985లో 220 లీటర్లు, 1986లో 195 లీటర్లు. 1985లో ఇమోలాలో సెన్నా పోల్ నుంచి బయల్దేరి రేసు నడిపించాడు, ముగింపు ఇంకా కొద్ది ల్యాప్‌లుందనగా పెట్రోల్ అయిపోయి ఆగిపోయాడు. ఒక్క ల్యాప్ వేగం, రేసంతా ఓర్పుగా నడపడం వేర్వేరు నైపుణ్యాలు. ఇంటర్వ్యూలో కోడ్ రాయడానికీ, ఏళ్ల తరబడి నడిచే ప్రాజెక్టు మోయడానికీ ఉన్నంత తేడా.

ఇదే లోటస్‌లో మెచ్చుకోలేని పని కూడా ఒకటి చేశాడు. 1986కి టీమ్ డెరెక్ వార్విక్‌ని తీసుకుందామనుకుంటే సెన్నా అడ్డుచెప్పాడు. రెండు కార్లనీ ఒకే స్థాయిలో నడిపే శక్తి లోటస్‌కి లేదన్నది అతని వాదన. దాంతో అనుభవం తక్కువున్న జానీ డంఫ్రీస్ వచ్చాడు. ఆ ఏడాది సెన్నాకి 55 పాయింట్లు, డంఫ్రీస్‌కి 3. అంకె చూడ్డానికి ఘనంగానే ఉంది. కానీ పక్కన ఎవరు కూర్చోవాలో మనమే ఎంచుకున్నాక ఆ పోలికకి విలువెంత?

నిజమైన పరీక్ష

ఆ లోటు 1988లో తీరింది. మెక్‌లారెన్‌లో చేరాడు. పక్క సీటులో అప్పటికే రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన అలెన్ ప్రాస్ట్. హోండా ఇంజిన్‌తో వచ్చిన వాళ్ల కారు ఆ ఏడాది 16 రేసుల్లో 15 గెలిచింది. అంటే పోటీ అంతా ఆ ఇద్దరి మధ్యే.

క్వాలిఫయింగ్‌లో సెన్నాది ఏకపక్షం. 16లో 13 పోల్‌లు అతనివే. మొనాకోలో అయితే ప్రాస్ట్ కన్నా 1.427 సెకన్లు వేగంగా వచ్చాడు. సెకనులో పదో వంతు కోసం ఇంజినీర్లు రాత్రుళ్లు మేలుకునే ఆటలో ఒకే కారుతో అంత తేడా! సరే, మర్నాడు రేసులో ఏమైంది? దాదాపు 50 సెకన్ల ఆధిక్యంలో ఉండి, నెమ్మదించమని టీమ్ చెప్పాక ఏకాగ్రత చెదిరి, 67వ ల్యాప్‌లో గోడకి కొట్టేశాడు. గెలిచింది ప్రాస్ట్. సెన్నా పిట్స్‌కి కూడా వెళ్లకుండా అక్కడే ఉన్న తన అపార్ట్‌మెంట్‌కి నడిచి వెళ్లిపోయాడు.

ప్రాస్ట్ పద్ధతి వేరు. క్వాలిఫయింగ్ సమయంలో కూడా ఆదివారానికి కారు ఎలా సెట్ చేయాలా అన్నదే ఎక్కువ చూసుకునేవాడు. ఆ ఏడాది అతను పూర్తిచేసిన 14 రేసుల్లో 7 గెలుపులు, 7 రెండో స్థానాలు. అన్నీ కలిపితే 105 పాయింట్లు. సెన్నాకి 8 గెలుపులతో 94. మరి చాంపియన్ ఎవరు? సెన్నానే! అప్పటి నిబంధన ప్రకారం అత్యుత్తమ 11 ఫలితాలే లెక్కలోకి వస్తాయి. అలా కుదిస్తే సెన్నాకి 90, ప్రాస్ట్‌కి 87. కొలబద్ద మారితే విజేత మారిపోతాడు. మిమ్మల్ని దేంతో కొలుస్తున్నారో ముందే తెలుసుకోవడం ఎంత అవసరమో ఈ ఒక్క సీజన్ చాలు చెప్పడానికి.

అలాగని సెన్నాకి ఆ టైటిల్ కేవలం రూలు వల్ల రాలేదు. నిర్ణాయకమైన జపాన్ రేసులో, సుజుకాలో, పోల్ మీదున్న కారు స్టార్ట్‌లోనే ఆగిపోయింది. ట్రాక్ పల్లంగా ఉండటంతో దొర్లించి ఇంజిన్ అందుకునేసరికి 14వ స్థానం. అక్కడి నుంచి ఎక్కుతూ 28వ ల్యాప్‌లో ప్రాస్ట్‌ని దాటి గెలిచాడు.

1989లోనూ అంతే, 13 పోల్‌లు. గెలుపులు 6, ప్రాస్ట్‌వి 4. టైటిల్ మాత్రం ప్రాస్ట్‌కి వెళ్లింది. రెండేళ్లు కలిపి చూస్తే క్వాలిఫయింగ్‌లో సెన్నా 28 సార్లు ముందు, ప్రాస్ట్ 4 సార్లే. గెలుపులు 14, 11. కానీ సాధించిన మొత్తం పాయింట్లు ప్రాస్ట్‌వి 186, సెన్నావి 154. ఇవన్నీ నిజమైన అంకెలే. దేన్ని చూపిస్తే ఆ జవాబు వస్తుంది.

మచ్చ

సెన్నా గురించి రాసేటప్పుడు ఒకటి దాటేయకూడదు. 1989 సుజుకాలో ఇద్దరి కార్లూ ఢీకొన్నాయి. సెన్నా తిరిగి ట్రాక్ మీదకొచ్చి మొదట ముగించినా అతన్ని అనర్హుడిగా ప్రకటించారు. మరుసటి ఏడాది అదే సుజుకా. ప్రాస్ట్ అప్పటికి ఫెరారీలో ఉన్నాడు. పోల్ సెన్నాదే, కానీ ఆ స్థానం దుమ్ముపట్టిన వైపు ఉంది. మార్చమని అడిగితే కుదరదన్నారు. స్టార్ట్‌లో ప్రాస్ట్ ముందుకెళ్లాడు. మొదటి మలుపులోనే సెన్నా వెనక్కి తగ్గకుండా గుద్దేశాడు. రెండు కార్లూ బయటికి. టైటిల్ సెన్నాకి. అది కావాలనే చేశానని ఏడాది తర్వాత అతనే బయటపెట్టాడు. తనకి అన్యాయం జరిగిందన్న కోపం నిజమే కావచ్చు. గంటకి 250 కిలోమీటర్లు దాటిన వేగంలో ఇంకొకరి ప్రాణంతో ఆడటానికి అది సమర్థన కాదు.

1991లో సొంతగడ్డ మీద, గేర్లు పోయి చివర్లో ఆరో గేర్ ఒక్కటే మిగిలిన కారుతో గెలిచాడు. ఆ ఏడాదే మూడో టైటిల్. 1992 కల్లా విలియమ్స్ కార్లు చాలా ముందుకెళ్లిపోయాయి. 1993లో సెన్నాకి దక్కిన పోల్ ఒక్కటే, అయినా 5 రేసులు గెలిచాడు. డోనింగ్టన్‌లో తడి ట్రాక్ మీద ఐదో స్థానానికి జారి, మొదటి ల్యాప్ పూర్తయ్యేలోపే అందరినీ దాటేశాడు. ఒకప్పుడు క్వాలిఫయింగ్ వీరుడిగా పేరుపడ్డవాడు, చేతిలో గొప్ప కారు లేనప్పుడు రేసుల మనిషిగా మారాడు. నన్నడిగితే అతని అత్యుత్తమ సీజన్ అదే. ఆ ఏడాది చివర్లో మెక్‌లారెన్‌కి కొత్తగా వచ్చిన మికా హక్కినెన్ మొదటి రేసులోనే క్వాలిఫయింగ్‌లో సెన్నా కన్నా ముందు నిలిచాడు. ఎంతటివాడికైనా పక్క సీటు ఎప్పుడూ ఒక పరీక్షే.

ఆఖరి వారాంతం

1994లో విలియమ్స్‌కి మారాడు. మూడు రేసులు, మూడు పోల్‌లు, సున్నా పాయింట్లు. మూడోది ఇమోలా. ఏప్రిల్ 30న క్వాలిఫయింగ్‌లో ఆస్ట్రియా డ్రైవర్ రోలండ్ రాట్జెన్‌బర్గర్ చనిపోయాడు. 28 కార్లు, గ్రిడ్‌లో 26 చోట్లు. అతనిది పోల్ కోసం పోటీ కాదు, రేసులో కాస్త చోటు కోసం. బ్రెజిల్‌లో అది దొరకలేదు కూడా. క్వాలిఫయింగ్ పట్టికలో పై పేరు చూసినప్పుడు కింది పేర్లు కూడా చదవండి. అక్కడా మనుషులే ఉంటారు.

మర్నాడు, మే 1న, ఏడో ల్యాప్‌లో టాంబురెల్లో మలుపు దగ్గర సెన్నా కారు గోడని ఢీకొంది. 34 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆ కారులో మడతపెట్టిన ఆస్ట్రియా జెండా దొరికింది. గెలిస్తే రాట్జెన్‌బర్గర్ కోసం ఎగరేద్దామనుకున్నాడట. బ్రెజిల్ మూడు రోజులు సంతాపం పాటించింది. ఆ మలుపుని మరుసటి ఏడాదికే మార్చేశారు. 1994 నవంబర్‌లో అతని సోదరి వివియాన్ ప్రారంభించిన అయర్టన్ సెన్నా ఇన్‌స్టిట్యూట్ బ్రెజిల్ పిల్లల చదువు కోసం పనిచేస్తోంది.

161 రేసులు, 41 గెలుపులు, 65 పోల్‌లు, 3 టైటిళ్లు. ఆ 65 పోల్‌ల రికార్డుని 2006లో మైకేల్ షుమాకర్ దాటేదాకా ఎవరూ తాకలేదు. పోల్ నుంచి సెన్నా గెలిచినవి 29. అంటే అంతటివాడికి కూడా సగానికి పైగా సార్లు మొదటి ర్యాంకు మొదటి స్థానంగా మారలేదు.

కాబట్టి ఈసారి ఎవరి ర్యాంకో, స్కోరో మీ ముందుకొస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఒకే సౌకర్యాలున్న పక్కవాడితో పోలిస్తే ఇది ఎంత? ఆ పక్కవాడు నిజంగా గట్టివాడేనా? శనివారం వచ్చిన స్కోరు ఆదివారం దాకా నిలిచిందా? మీ సొంత స్కోరు చూసుకునేటప్పుడు కూడా ఈ మూడూ అడగండి. తక్కువొచ్చిందని కుంగిపోయేవాళ్లకి, ఎక్కువొచ్చిందని ఊరుకునేవాళ్లకి ఇద్దరికీ పనికొస్తాయి.