అడవి కాంట్రాక్టు పోయిన తరువాత
(చంద్రకాంత నవలాకారుడు దేవకీనందన్ ఖత్రీ గారి జీవితం)

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితచరిత్ర వ్రాసి ఇవ్వవలసిందని మన కార్యదర్శి గారు కోరినప్పుడు ఎవరి గురించి వ్రాయాలా అని కొన్నాళ్ళు ఆలోచించాను. దేశనాయకుల గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అదే సమయంలో హైదరాబాదులో టి.వి. సీరియల్స్‌కు కథలు వ్రాసే బృందంలో పనిచేస్తున్న మా మనవరాలు ఫోను చేసి, సీరియల్‌గా తీయడానికి పనికివచ్చే పాతకాలపు సాహస కథలేమైనా ఉన్నాయా తాతయ్యా అని అడిగింది. నాకు వెంటనే జ్ఞాపకం వచ్చిన పేరు దేవకీనందన్ ఖత్రీ. ఆ అమ్మాయికి ఫోనులో చెప్పిన విషయాలనే కొంచెం వివరంగా ఇక్కడ మనవి చేస్తున్నాను.

ఆయన పేరు తెలియనివారికి కూడా ఆయన కథ తెలిసే ఉంటుంది. 1994లో దూరదర్శన్‌లో నీర్జా గులేరీ గారు తీసిన చంద్రకాంత సీరియల్ ప్రసారం మొదలైంది. ఆదివారం ఉదయం టి.వి. ఉన్న ఇంట్లో ఇరుగుపొరుగు వాళ్ళందరూ చేరేవారు. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన మాబోటివాళ్ళం కూడా పెద్ద పెద్ద కనుబొమల క్రూర్‌సింగ్‌ను చూడటానికి కాఫీ గ్లాసులతో కూర్చునేవాళ్ళం. ఆ సీరియల్‌కు మూలమైన నవల అప్పటికే నూరేళ్ళు దాటినదని మాలో ఎవరికీ తెలియదు.

ఖత్రీ గారు 1861లో బీహారులోని పూసా గ్రామంలో, మాతామహుల ఇంట జన్మించారు. తండ్రి పేరు లాలా ఈశ్వరదాస్. వీరి పూర్వీకులు పంజాబు నుంచి కాశీకి వచ్చి స్థిరపడినవారు. ఆ కాలపు ఆచారం ప్రకారం ఆయనకు మొదట ఉర్దూ, ఫారసీ నేర్పించారు. హిందీ, సంస్కృతం తరువాత కాశీలో నేర్చుకున్నారు. యౌవనంలో గయ దగ్గరి టికారీ సంస్థానంలో కుటుంబ వ్యాపారం చూసుకున్నారు. అక్కడి నుంచి కాశీ చేరి, కాశీరాజు గారి వద్ద చకియా, నౌగఢ్ అడవుల కాంట్రాక్టు సంపాదించారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఈ కాంట్రాక్టే. పని మీద ఆయన ఆ వింధ్య పర్వత ప్రాంతమంతా తిరిగారు. దట్టమైన అడవి, కొండగుహలు, జలపాతాలు, పాడుబడిన కోటలు, ఎక్కడికి పోతాయో తెలియని రాతిమెట్లు అన్నీ కళ్ళారా చూశారు. గంగ ఒడ్డున చునార్ కోట, కొండ మీద విజయ్‌గఢ్ కోట ఆ చుట్టుపక్కలవే. ఈనాటి లెక్కన అవి ఉత్తరప్రదేశ్‌లోని చందౌలీ, సోన్‌భద్ర, మీర్జాపూర్ జిల్లాలు.

కొన్నాళ్ళకు ఆ కాంట్రాక్టు చేజారిపోయింది. చేతిలో పని లేదు. వేరొకరైతే దిగులుపడి కూర్చునేవారేమో. ఆయన చేతిలో మిగిలింది అడవిలో చూసిన దృశ్యాలు మాత్రమే. వాటినే పెట్టుబడిగా పెట్టి కలం పట్టారు. 1888లో చంద్రకాంత వెలువడింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

కథ క్లుప్తంగా ఇది. నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింగ్, విజయ్‌గఢ్ రాకుమార్తె చంద్రకాంత పరస్పరం ప్రేమించుకుంటారు. విజయ్‌గఢ్ మంత్రి కొడుకు క్రూర్‌సింగ్‌కు ఇది గిట్టదు. అతడు చునార్ రాజు శివదత్తును ఉసిగొల్పుతాడు. ఇరుపక్షాల నుంచి ఐయార్లు రంగంలోకి దిగుతారు. ఐయార్ అంటే గూఢచారి, మారువేషగాడు, వైద్యం తెలిసినవాడు, పాటగాడు అన్నీ కలిసిన మనిషి. భుజాన ఒక సంచి, అందులో మత్తుమందు, మత్తు వదిలించే మందు, వేషానికి కావలసిన రంగులు ఉంటాయి. వీరేంద్రుని స్నేహితుడు తేజ్‌సింగ్, చంద్రకాంత చెలికత్తె చపల ఈ విద్యలో ఆరితేరినవారు.

ఇక తిలిస్మ్. ఇది పూర్వం రాజులు నిధిని దాచడానికి కట్టించిన చిక్కుల కట్టడం. తెలియక అడుగు పెడితే రాతికొంగ నోరు తెరిచి మనిషిని మింగేస్తుంది. వినడానికి మంత్రంలా ఉంటుంది గాని, ఖత్రీ గారు దీనిని మంత్రమని వదిలేయలేదు. అవన్నీ నేర్పరులు అమర్చిన యంత్రాలేనని కథలోనే విప్పి చూపించారు. ఫారసీ, ఉర్దూ దాస్తాన్‌లలోని మాయాకోటలను తీసుకుని, వాటిని తాను తిరిగిన కొండల్లో, తాను చూసిన రాళ్ళతో కట్టారన్నమాట.

ఐయార్ల విషయంలో మరొక విశేషం ఉన్నది. వారు సాధ్యమైనంతవరకు తెలివితో, రక్తపాతం లేకుండా తగవు తేల్చాలి. పట్టుబడ్డ ఐయార్‌ను బంధిస్తారే గాని చంపరు. నేను మా మనవరాలికి ముఖ్యంగా చెప్పింది ఇదే. ఆ సీరియల్ నవల నుంచి చాలా దూరం జరిగిందని విమర్శ వచ్చింది. 2017లో కూడా రెండు ఛానళ్ళు అదే పేరుతో సీరియల్స్ తీశాయి. ఎవరు తీసినా కత్తులూ మంత్రాలూ ఎక్కువ చూపించారు. అసలు కథలోని సాహసం బుద్ధిబలంలో ఉన్నది. ఒకడు వేసిన ఎత్తును ఇంకొకడు ఎలా చిత్తు చేస్తాడా అనే ఆత్రుతే పాఠకుని చేత పేజీ తిప్పించింది. అది తీయడానికి పెద్ద సెట్టింగులు కూడా అక్కరలేదు.

మన బోటి ఆఫీసు మనుషులకు నచ్చే సంగతి ఇంకొకటి. ఆ రోజుల్లో అక్కడి కచేరీలలో ఉర్దూ చలామణి అయ్యేది. నాగరి లిపిలో అర్జీలు పెట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతి 1900లో గాని రాలేదు. అంటే హిందీ చదివితే ఉద్యోగం వస్తుందనే ఆశ లేని కాలం. అటువంటప్పుడు కేవలం చంద్రకాంత చదవడం కోసం ఎందరో ఉర్దూ వారు నాగరి అక్షరాలు దిద్దుకున్నారు. ఆ నవలలకు సాహిత్యంలో గొప్ప స్థానం ఇవ్వని చరిత్రకారుడు రామచంద్ర శుక్ల గారు కూడా హిందీకి ఇంతమంది పాఠకులను తయారుచేసినవారు మరొకరు లేరని ఒప్పుకున్నారు. బజారులో మాట్లాడుకునే సులువైన భాషలో వ్రాయడమే ఇందుకు కారణం.

చంద్రకాంతకు వచ్చిన ఆదరణతో ఆయన 24 భాగాల చంద్రకాంతా సంతతి వ్రాశారు. 1898లో కాశీలో లహరీ ప్రెస్ పేరుతో సొంత ముద్రణాలయం పెట్టారు. 1900లో మాధవప్రసాద్ మిశ్ర గారి సంపాదకత్వంలో సుదర్శన్ అనే మాసపత్రిక నడిపారు. కాజర్ కీ కోఠరీ, కుసుమకుమారి, నరేంద్రమోహిని మొదలైన నవలలు కూడా ఆయనవే. చివరగా భూత్‌నాథ్ ప్రారంభించారు. దాని ఆరు భాగాలు మాత్రమే వ్రాయగలిగారు. 1913 ఆగస్టు 1న పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరాలు. కుమారుడు దుర్గాప్రసాద్ ఖత్రీ గారు తండ్రి వదిలిన చోట అందుకుని భూత్‌నాథ్‌ను పూర్తి చేశారు. తండ్రి అప్పు తీర్చిన కొడుకులను చూశాం గాని, తండ్రి కథ తీర్చిన కొడుకులు అరుదు.

మనకు కాశీమజిలీ కథలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ఆ కథల నుంచే 1951లో పాతాళభైరవి చిత్రానికి బీజం దొరికింది. ఇంకా ఎన్నో కథలు తెర ఎక్కకుండా మిగిలి ఉన్నాయి. ఆ మాట కూడా మా మనవరాలికి చెప్పాను.

అంతా విని ఆ పిల్ల నన్ను ఒక ప్రశ్న అడిగింది. ముప్పై ఎనిమిదేళ్ళు రెవిన్యూ శాఖలో పనిచేశారు గదా, మీరు చూసిన కోటలేమిటి, విన్న కథలేమిటి అని. నాకు సమాధానం తోచలేదు. జమాబందీ క్యాంపులకు వెళ్ళినప్పుడు రాత్రిళ్ళు చావడి అరుగు మీద గ్రామ పెద్దలు ఎన్ని కథలు చెప్పారో! ఫలానా మెట్ట మీద బురుజు కింద సొరంగం ఉన్నదని, ఫలానా దిగుడుబావిలో అడుగున తలుపున్నదని చెప్పేవారు. నేను మరునాటి అడంగల్ లెక్కలు సరిచూసుకుంటూ ఊఁ కొట్టానే గాని, ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. చెప్పినవారిలో ఇప్పుడు ఎవరూ లేరు. బురుజు ఏ గ్రామానిదో కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు.

ఖత్రీ గారు పని పోయిన వెంటనే కూర్చుని వ్రాశారు. నేను రిటైరై పదిహేనేళ్ళు దాటాక గాని మేలుకోలేదు. మొన్న ఒక లాంగ్ నోటుబుక్కు కొని, జ్ఞాపకం ఉన్నంతవరకు వ్రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగు పేజీలు అయింది. మన సభ్యులలో అటవీశాఖ, పోలీసు, ఇరిగేషన్, విద్యాశాఖలలో ఊరూరా తిరిగినవారు ఉన్నారు. వారు కూడా తమకు తెలిసినవి ఊరి పేరుతో సహా వ్రాసి పెట్టవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. సీరియల్ తీసేవారు తీయకపోయినా, అడిగే మనవలు మన ఇళ్ళలోనే ఉన్నారు.