లాటరీ టిక్కెట్టు నుంచి తెల్లకాగితం దాకా: జార్జి ముల్లర్ జీవితం

మా అమ్మమ్మది నర్సాపురం. చిన్నప్పుడు రాత్రిళ్ళు ఆవిడ చెప్పే కథల్లో దావీదు, దానియేలులతో పాటు జార్జి ముల్లర్ అనే ఆయన కూడా ఉండేవాడు. అనాథ పిల్లల్ని ఖాళీ పళ్ళేల ముందు కూర్చోబెట్టి ఆయన ప్రార్థన చేస్తుంటే, రొట్టెలవాడూ పాలబండివాడూ వచ్చి తలుపు తట్టారన్నది ఆ కథ. ఆయన కూడా బైబిల్లో మనిషేనని చాలాకాలం అనుకున్నాను! ఉద్యోగరీత్యా బ్రిస్టల్ వచ్చి, ఆష్లీ డౌన్ అనే పేటలో ఆయన కట్టించిన పెద్ద పెద్ద రాతి భవనాలు కళ్ళారా చూశాకే ఆయన జీవించింది ఈ ఊళ్ళోనని తెలిసింది.

అయినా ఆయన గురించి శ్రద్ధగా చదివింది మాత్రం 2014లో, నాకు అవసరం పడినప్పుడు. ఆ ఏడాది ఇండియాలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. చూసుకోవడానికి అమ్మ ఒక్కతే. ఇక్కడ నాకు ఉద్యోగం, ఇంటి లోను, స్కూలుకి వెళ్ళే ఇద్దరు పిల్లలు. వెళ్ళాలా, ఉండాలా? మనలో చాలామందికి ఈ ప్రశ్న ఏదో ఒక రోజు ఎదురయ్యేదే కదా. దేవుని చిత్తం ఏమిటో తెలిస్తే చాలనుకుని గుర్తుల కోసం వెతకడం మొదలుపెట్టాను. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టేవాణ్ణి. శుక్రవారం లోపు ఫలానా మెయిల్ వస్తే ఉండిపోవాలి, రాకపోతే వెళ్ళిపోవాలి అని నాలో నేనే పందెం కాసేవాణ్ణి. సరిగ్గా ఆ రోజుల్లోనే ముల్లర్ తన జీవితం గురించి తనే రాసుకున్న పుస్తకం నా చేతికి వచ్చింది.

ఆయన 1805 సెప్టెంబరు 27న ప్రష్యాలో, అంటే నేటి జర్మనీలో, పన్నులు వసూలు చేసే ఉద్యోగి ఇంట్లో పుట్టాడు. తండ్రి దగ్గరున్న సర్కారు సొమ్ములోంచే దొంగతనం చేసేవాడు. తల్లి చనిపోయే రాత్రి, ఆవిడకి అంత జబ్బుగా ఉందని తెలియక, పేకాటలో ఉన్నాడు. పదహారేళ్ళ వయసులో సత్రం బాకీ ఎగ్గొట్టి జైలుకి కూడా వెళ్ళాడు. పాస్టరు కావడానికి హాలె విశ్వవిద్యాలయంలో చేరాక కూడా ఆ పద్ధతులు పోలేదు. 1825 నవంబరులో ఒక స్నేహితుడి వెంట ఒకరి ఇంట్లో జరిగే ప్రార్థన కూటానికి వెళ్ళాడు. మోకాళ్ళూని ప్రార్థించే మనుషుల్ని అక్కడే మొదటిసారి చూశాడు. ఆయన జీవితం ఆ సాయంత్రమే మలుపు తిరిగింది.

నన్ను ఆపేసింది ఆ తర్వాతి సంగతి. మిషనరీగా వెళ్ళాలా వద్దా అని ఆ కుర్రవాడికి సందేహం. దేవుని చిత్తం తెలుసుకోవడానికి ఏం చేశాడో తెలుసా? లాటరీ టిక్కెట్టు కొన్నాడు! ఏమైనా తగిలితే వెళ్ళమని అర్థం, తగలకపోతే వద్దని అర్థం. చిన్న మొత్తం తగిలింది. సంతోషంగా బెర్లిన్‌లోని మిషన్ సంఘానికి దరఖాస్తు పెట్టాడు. తండ్రి అనుమతి లేదని వాళ్ళు తీసుకోలేదు. అది చదివి నాలో నేనే నవ్వుకున్నాను. నా శుక్రవారం మెయిలుకీ, ఆయన టిక్కెట్టుకీ తేడా ఏముంది?

1829లో ఆయన లండన్ వచ్చాడు. ఆరోగ్యం పాడై డెవన్ ప్రాంతానికి వెళ్ళి, టెయిన్‌మత్ అనే ఊళ్ళో పాస్టరయ్యాడు. 1830లో మేరీ గ్రోవ్స్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడే నికరమైన జీతం వదిలేసి, తన అవసరాలు మనుషులకు కాక దేవునికే చెప్పుకోవాలని భార్యాభర్తలిద్దరూ నిర్ణయించుకున్నారు. 1832లో మిత్రుడు హెన్రీ క్రెయిక్‌తో కలిసి బ్రిస్టల్ చేరాడు.

మా అమ్మమ్మ ఊరికీ ఈ కథకీ ముడి ఇక్కడే ఉంది. మేరీ అన్నగారు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ మంచి రాబడి ఉన్న పళ్ళ డాక్టరు పని మానుకుని బాగ్దాదుకి మిషనరీగా వెళ్ళాడు. ముల్లర్‌నీ, క్రెయిక్‌నీ అక్కడికి రమ్మని 1833 మొదట్లో పిలుపు వచ్చింది, ఖర్చులకి డబ్బు కూడా వచ్చింది. ఒకప్పుడు లాటరీ తగిలిందని బయల్దేరబోయిన మనిషి, ఈసారి చేతిలో డబ్బున్నా తొందరపడలేదు. ప్రార్థించి, ఆలోచించి, బ్రిస్టల్‌లోనే ఉండిపోయాడు. గ్రోవ్స్ తర్వాత ఇండియా వచ్చాడు. ఆయన 1836లో వెంటబెట్టుకొచ్చిన వాళ్ళలో విలియం బౌడెన్, జార్జి బీర్ ఉన్నారు. ఈ ఇద్దరే నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టారు. గ్రోవ్స్ 1853లో కన్నుమూసింది బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట్లోనే. పాలబండి కథ మా ఊరిదాకా ఏ దారిన వచ్చి ఉంటుందో అప్పుడు నాకు అర్థమైంది.

అదే 1836లో ముల్లర్ విల్సన్ వీధిలో ఒక ఇల్లు అద్దెకి తీసుకుని అనాథ శరణాలయం ప్రారంభించాడు. ఇల్లు, సామాను, డబ్బు, పనివాళ్ళు... అన్నిటి కోసం ముందే ప్రార్థించాడు. తీరా దరఖాస్తులు తీసుకునే రోజు వస్తే ఒక్క బిడ్డ కోసం కూడా ఎవరూ రాలేదు! అన్నీ అడిగాను గానీ పిల్లల్ని పంపమని అడగలేదే అని అప్పుడు తట్టింది ఆయనకి. ఆ సాయంత్రం ప్రార్థించాడు. మర్నాడు మొదటి దరఖాస్తు వచ్చింది.

1845 నాటికి ఆ వీధిలో శరణాలయం నాలుగు ఇళ్ళకి పెరిగింది. పిల్లల గోలతో ఇబ్బందిగా ఉందని ఇరుగుపొరుగు వాళ్ళలో ఒకాయన మర్యాదగానే ఉత్తరం రాశాడు. అప్పుడు ముల్లర్ ఏ గుర్తూ అడగలేదు. కొన్ని గంటలు ప్రార్థనలో గడిపి, కాగితం తీసుకుని మారడానికి కారణాలు, మారకూడదనడానికి కారణాలు రాశాడు. ఉత్తరం రాసినాయన చెప్పింది న్యాయమేనని ఒప్పుకున్నాడు. భార్యనీ, సంఘంలో తోటి సేవకులనీ సంప్రదించాడు. ఆ తర్వాత రోజూ ప్రార్థిస్తూ ఆగాడు. మొదటి పెద్ద కానుక, వెయ్యి పౌండ్లు, డిసెంబరు 10న వచ్చింది.

దైవచిత్తం తెలుసుకోవడానికి ఆయన పాటించిన వరుస ఇది. ముందుగా, ఆ విషయంలో మనకంటూ సొంత పట్టుదల లేకుండా మనసుని సిద్ధం చేసుకోవాలి. కష్టమంతా అక్కడే ఉందనీ, అది అయితే మిగతాది సులువేననీ ఆయన అనుభవం. తర్వాత, మనసులో కలిగే ఆవేశాన్ని నమ్మకుండా వాక్యం చదవాలి. పరిస్థితులు గమనించాలి. చూపించమని ప్రార్థించాలి. చివరికి, తెలిసినంతలో వివేకంతో ఒక నిర్ణయానికి రావాలి. ఇంకా ప్రార్థించినా మనసు నెమ్మదిగానే ఉంటే, అప్పుడు అడుగు వేయాలి.

స్థలం కొనేటప్పుడూ అంతే. 1846 ఫిబ్రవరిలో ఆష్లీ డౌన్ స్థలం యజమాని కోసం ఒకే రోజు రెండు చోట్లకి వెళ్ళాడు. రెండు చోట్లా దొరకలేదు. మళ్ళీ వెంటపడకుండా తెల్లారేదాకా ఆగాడు. ఆ రాత్రి నిద్రపట్టని యజమాని, శరణాలయం కోసమైతే ఎకరం 200 పౌండ్లకు బదులు 120కే ఇవ్వాలని తనంతట తనే నిర్ణయించుకున్నాడు. చేతిలో తగినంత డబ్బు లేనిదే కట్టడం మొదలుపెట్టకూడదన్నది ముల్లర్ నియమం. అందుకే పిల్లలు కొత్త ఇంట్లోకి వెళ్ళేసరికి 1849 వచ్చింది. 1870 నాటికి అవి ఐదు భవనాలయ్యాయి, రెండు వేలకి పైగా పిల్లలకి చోటు దొరికింది. ఆయన జీవితకాలంలో అక్కడ పెరిగిన పిల్లలు పది వేల పైచిలుకు.

ఆయన కోరినవన్నీ దొరికాయని మాత్రం కాదు. పసివాడైన కొడుకు 1835లో పోయాడు. 1870లో మేరీ పోయింది, ఆవిడ అంత్యక్రియల్లో ఆయనే ప్రసంగించాడు. ఒక్కగానొక్క కూతురు లిడియా 1890లో పోయినప్పుడు, ఎనభై నాలుగేళ్ళ ఆ తండ్రి దూరాన ఇండియాలో ప్రసంగాలు చేస్తున్నాడు. ఎవర్నీ చెయ్యిచాచి అడగలేదన్నది నిజమే గానీ, ఏటా అచ్చువేసే లెక్కల నివేదికలే జనాన్ని కదిలించాయనే వాళ్ళూ ఉన్నారు. అదీ ఆలోచించదగ్గ మాటే. అయితే సుమారు పదిహేను లక్షల పౌండ్లు చేతుల మీదుగా వెళ్ళిన ఆ మనిషి 1898 మార్చి 10న కన్నుమూసేనాటికి, సొంత ఆస్తి 200 పౌండ్లు కూడా లేదు.

ఇక నా సంగతి. నేనూ ఒక తెల్లకాగితం తీసుకున్నాను. మా ఆవిడా నేనూ కూర్చుని రెండు వైపులా కారణాలు రాశాం. రాస్తుంటే ఒక నిజం బయటపడింది. నేను దేవుణ్ణి దారి అడగడం లేదు, ఉండిపోవడానికి అనుమతి అడుగుతున్నాను! ఆ పట్టు వదలడానికే ఆరు వారాలు పట్టింది. చివరికి ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్ళాను. నాన్నగారు పదకొండు నెలలు బతికారు. ఆయన లేచి నడవలేదు, అద్భుతమేమీ జరగలేదు. రోజూ పొద్దున్నే ఆయనకి గడ్డం గీసి, ఇడ్లీ తినిపించాను. తిరిగొచ్చాక తక్కువ జీతానికే చేరాను. లోను తీర్చడం ఆలస్యమైంది. కానీ తప్పు చేశానని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

ముల్లర్ సమాధి బ్రిస్టల్‌లోనే, ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో ఉంది. మీరెప్పుడైనా ఈ వైపు వస్తే ఆష్లీ డౌన్ కూడా చూసి వెళ్ళండి. ఆ రాతిగోడల వెనక ఒకప్పుడు వేలమంది పిల్లలు రోజూ పొద్దున్నే భోజనాల బల్ల ముందు కూర్చున్నారు. అమ్మమ్మ చెప్పిన ఖాళీ పళ్ళేలు నాకు అక్కడే గుర్తొస్తాయి.